కొండ మీద ఆగే మనిషి

డేరాకి బూజు వాసన పట్టింది. పోయిన వేసవిలో తడిగానే చుట్టేసి ఉంటాం. మెట్జ్ ఊళ్లో మా ఇంటి వెనక దండెం మీద ఆరేసి, వెనిగర్ నీళ్లలో ముంచిన గుడ్డతో తుడుస్తుంటే వంటింటి కిటికీలోంచి రెమీ కేక వేశాడు.

"సోలాంజ్! అండ్లో ఊరు దాటాక పెద్ద ఎత్తుందట. కంగారు పడకు, పైన నీకోసం ఆగుతాలే!"

ఆగుతాడు. అబద్ధమెందుకు, పెళ్లయినప్పటి నుంచీ ప్రతి ఎత్తు మీదా ఆగుతూనే ఉన్నాడు.

ఆల్సాస్ ద్రాక్షతోటల్లో సైకిళ్ల మీద తిరుగుదామన్న ఆలోచన నాది. కోతలు మొదలవకముందు, గుత్తులు ఇంకా తీగల మీదుండగా వెళ్లాలి. పొద్దున ఒక ఊళ్లో రొట్టె కొనుక్కుని, మధ్యాహ్నం ఏ చెట్టు కిందో కునుకు తీసి, సాయంత్రానికి పక్క ఊళ్లో డేరా వేసుకోవాలి. తలుచుకుంటేనే ఒళ్లు తేలిక పడుతోంది. రెమీ సరేనన్నాడు. అనడంతోనే మ్యాపు లాక్కుని, నేను వారమంతా తిరుగుదామనుకున్న దారిని రెండు రోజుల్లో చుట్టేశాడు, మహానుభావుడు.

అతను ఆగడం ఎలా ఉంటుందంటే, ముందు తను పైకెక్కేస్తాడు. సైకిలు గోడకి ఆనించి, నీళ్లు తాగి, ఆపిల్ కొరుక్కుంటూ కాళ్లు చాపుకుని తోటలు చూస్తాడు. వంటసామాను సంచులతో నేను రొప్పుతూ చేరేసరికి లేచి ప్యాంటు దులుపుకుని "వచ్చేశావా? పద పద" అంటాడు. అత్తగారు ఊరంతా చెప్పుకునేవారు: "మావాడు పెళ్లాం కోసం ఎంత ఓపిగ్గా ఆగుతాడో! అలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి." నేనూ నిజమే కాబోలనుకుని తల ఊపేదాన్ని.

గుడ్డ పిండుతుంటే ఉన్నట్టుండి తట్టింది. ఒక్క కొండ మీదేనా? ఆదివారం భోజనాల్లో అందరికీ వడ్డించి, నేను కూర్చుని ఫోర్కు పట్టుకునేసరికి అత్తగారు "అందరి భోజనాలూ అయ్యాయి, ఇక చీజ్ తేకూడదూ?" అనేవారు. ఆఫీసు మీటింగులో అందరికీ కాఫీలందించి కుర్చీ లాక్కునేసరికి "అయితే అందరం ఒప్పుకున్నట్టే" అని లేచిపోయేవాళ్లు. నేను కూర్చునేసరికి అందరూ లేస్తారు. ఇన్నాళ్లూ నా కాళ్లలోనే సత్తువ లేదనుకున్నాను. ముందు ఒళ్లు మండింది. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. తడి గుడ్డ పక్కన పడేసి గడ్డి మీద చతికిలబడి, ఎండ వీపుకి తగులుతుంటే చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ పద పద అనలేదు.

డేరా ఆరాక లోపలికి తెచ్చి నా సంచిలో పెట్టుకున్నాను. స్టవ్వు, గిన్నెలు, పెనం తీసి రెమీ సంచిలో సర్దాను. చప్పుడు విని వచ్చాడు.

"ఇదేంటి, గిన్నెలు నాకా?"

"నీకే."

"డేరా నువ్వు మోస్తావా? పిచ్చిగానీ పట్టిందా? ఇంకా వెనకబడిపోతావే!"

"పడతాను. కొండ కింద నాలుగు చెట్లున్న చోటు, మంచి వైన్ పోసే మనిషి కనబడితే అక్కడే డేరా వేసేస్తాను. నువ్వు పైన హాయిగా కూర్చో."

"మరి నువ్వు ఆగిపోయావని నాకెలా తెలుస్తుంది?"

"వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది."

పెనం చేత్తో ఎత్తి బరువు చూశాడు. మొహం చూస్తే జాలేసింది గానీ గిన్నెలు వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి మ్యాపు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"పోనీ, ముందు నువ్వే వెళ్లరాదూ?"

"అలాగే. పైన నీకోసం ఆగుతాలే," అన్నాను. "నువ్వొచ్చాక కూడా కాసేపు కూర్చుందాం."