మాసిపోని కాలరు

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె భర్త ముఖం కన్నా అతని చొక్కా కాలర్లనే ఎక్కువసార్లు తేరిపార చూసింది. మెషిన్‌లో వేసే ముందు ప్రతి కాలరుకీ సబ్బు రాసి, బ్రష్షుతో రుద్దాలి. "రోజంతా ఇంట్లోనే ఉంటావు, ఆ మాత్రం తెల్లగా ఉంచలేవా?" అన్నాడతను కొత్తలో. కాలర్ల మరకలు ఎప్పటికప్పుడు వదిలాయి గానీ ఆ మాట మాత్రం వదల్లేదు.

అలాంటిది, ఈ ఎండాకాలం బ్రష్షుకి పని లేకుండా పోయింది. ఊరంతా చెమటలో నానుతుంటే అతని చొక్కాలు అల్మరాలోంచి తీసినవి తీసినట్టే బుట్టలో పడుతున్నాయి.

"సబ్బు మార్చావా? ఈమధ్య బాగా ఉతుకుతున్నావ్," అన్నాడు. ఇరవై రెండేళ్లకి ఒక మెప్పు, అదీ చేయని పనికి.

ఆ మెప్పును అక్కడే ఆరేసి ఆమె అత్తగారి గదిలోకి వెళ్లింది.

"అత్తయ్యా, మామయ్యగారికి చెమట బాగా పట్టేదా?"

అత్తగారు చదువుతున్న పేపరు మడిచింది. మామగారికి యాభై నిండకుండానే నడక తూలి, మాట ముద్దయింది. చుక్క ముట్టకపోయినా తాగుబోతన్న పేరు మోసి మోసి చివరికి మంచాన పడి పోయారు. ఆ నరాల జబ్బు బిడ్డలకి రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశమని డాక్టర్లు అప్పుడే చెప్పారు. ఆ ఊసు ఇంట్లో ఎత్తకూడదని కొడుకు శాసనం. కాలేజీలో చదివే మనవరాలికి తాతయ్య గుండెపోటుతో పోయారనే తెలుసు.

"నడక తూలడానికి రెండేళ్ల ముందే చొక్కాలు మాయడం మానేశాయే. కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరిగేవి. నేనేమో చాకిరీ తగ్గిందని సంతోషపడ్డాను. తర్వాత అర్థమైంది. ఉతికేదాని మాట ఎవరు వింటారని ఊరుకున్నాను."

"మీ అబ్బాయికీ తిరుగుతున్నాయి. గోడ పట్టుకుని, సున్నం ఎలా ఉందో చూస్తున్నట్టు నటిస్తున్నారు."

ముప్ఫై ఏళ్లుగా ఎవరూ అడగని ఆ సంగతిని ఒక్క ముక్క చెదరకుండా దాచిన ముసలామెను ఆమె కొత్తగా చూసింది. వారం తిరిగాక ఒక సాయంత్రం అత్తగారు కొడుకుతో ఒకే మాట అంది: "ఆఫీసు మెట్ల మీద పడ్డావంటే నిన్నూ తాగుబోతనే అంటారు, నాయనా."

అతను మర్నాడే భార్యతో కలిసి నరాల డాక్టరు దగ్గరికి బయల్దేరాడు.

"చెమట ఎలా ఉంది?" అడిగింది డాక్టరమ్మ.

"మామూలే."

పక్కనే ఉన్న భార్య తన సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పరిచింది. "ఇది నాలుగు రోజులు వేసుకున్నారండీ. రోజూ మడతపెట్టి మళ్లీ అల్మరాలో పెట్టాను."

"అదే చొక్కానా?" అన్నాడు భర్త.

డాక్టరమ్మ కాలరును దీపం కింద పెట్టి చూసింది, ఏమాత్రం మొహమాటం లేకుండా వాసన కూడా చూసింది. అతన్ని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు కొలిచింది. నిలబడగానే అంకె జారిపోయింది.

"మనం అడక్కుండానే ఒంట్లో పనిచేసే నరాలు కొన్నుంటాయి. చెమట పట్టించడం, లేచినప్పుడు రక్తపోటు పడిపోకుండా కాయడం, తిన్నది అరిగించడం వాటి పని. ఆగిపోయేదాకా అవి ఉన్నాయనే ఎవరికీ గుర్తుండదు."

ఆమెకు ఆ నరాలతో ఎక్కడో బాగా పరిచయం ఉన్నట్టు అనిపించింది.

"మీ నాన్నగారి జబ్బేనని దీంతో తేలిపోదు, జన్యువులు చూసే రక్తపరీక్ష చేయాలి. ఈలోపు పడిపోకుండా మందిస్తాను," అని డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "పాతికేళ్లుగా ఈ నరాలే చూస్తున్నాను. ఇలాంటి పరీక్ష చేసుకొచ్చినవాళ్లు లేరు. ఎవరు నేర్పారమ్మా?"

"మా అత్తగారండీ."

భర్త చొక్కా మడిచి తనే సంచిలో పెట్టాడు. "పరీక్ష చేయించుకుంటాను," అన్నాడు, చొక్కాతో చెబుతున్నట్టు.

ఇంటికొచ్చేసరికి బట్టల బుట్టలో పైన కూతురి చొక్కా ఉంది. ఆమె చెయ్యి అలవాటుగా కాలరు మీదికి వెళ్లి, అంగుళం దూరంలో ఆగింది. కళ్లు తిప్పుకుని, సబ్బూ బ్రష్షూ పట్టుకుని కూతురి గదిలోకి నడిచింది.

"ఇకనుంచి నీ బట్టలు నువ్వే ఉతుక్కో."

"ఏంటమ్మా, సమ్మెనా?"

"కాదు. కూర్చో, మీ తాతయ్య నిజంగా దేంతో పోయారో చెప్తాను. విన్నాక నీ కాలరు చూసుకోవాలో వద్దో నీ ఇష్టం. నేను మాత్రం చూడను."