పక్కవాద్యం

"రసంలో ఉప్పు తక్కువాయె," అన్నాడు లక్ష్మణసామి కంచంలోంచి తల ఎత్తకుండానే. పంచవర్ణం ఉప్పుగిన్నె తెచ్చి పక్కన పెట్టింది. లోపల్నుంచి అత్త అందుకుంది. "బడికి లీవు విడిచినా ఆ పెట్టె వాయించేదానికి పోవాల్నా?"

పంచవర్ణం విరుదునగర్‌లో ఒక కాన్వెంటు బడి సంగీతం టీచరు. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో పోయి వస్తుంది. చిన్నప్పుడు ఆ బడి హాస్టల్లోనే ఒక సిస్టరమ్మ దగ్గర పియానో నేర్చుకుంది. అప్పట్నుంచీ ఎవరో పాడుతుంటే వెనక వాయిస్తూనే ఉంది. పాడే పిల్ల తాళం తప్పితే తనూ అటే జరిగి, ఎవరికీ తెలియకుండా సర్దేస్తుంది. ఇంట్లోనూ అంతే. మొగుడి గొంతు లేస్తే తన గొంతు దించుకుంటుంది. అత్త కునుకు తీస్తే గిన్నెల చప్పుడు కూడా మింగేస్తుంది. "మా ఇంట్లోది బాగా అడ్జస్ట్ అవుతుంది," అని లక్ష్మణసామి తన అంగడికి వచ్చినవాళ్ళతో అంటుంటాడు. పొగుడుతున్నాననే అనుకుంటాడు.

ఆ వేసవిలో చెన్నై నుంచి ఆర్తి వచ్చింది, విరుదునగర్‌లో వాళ్ళ అవ్వ ఇంటికి. ఓబో వాయించే పిల్ల. ఓబో అంటే నాదస్వరానికి దూరపు చుట్టం, గొంతు మాత్రం సన్నం, ఏడవబోయి ఆపుకున్నట్టు ఉంటుంది. ఓబోకీ పియానోకీ కలిపి పోయిన శతాబ్దంలో విదేశంలో ఎవరో కట్టిన సొనాటా అనే రచనను బడి హాల్లో పంచవర్ణంతో కలిసి వాయించాలని ఆ పిల్ల పట్టు.

మొదటిరోజు సాధనలో పంచవర్ణం అలవాటుగా ఆర్తి వెనకే నడిచింది. ఆ పిల్ల ఊపిరి తీసుకుంటే ఆగింది, తొందరపడితే పరుగెత్తింది. నిదానంగా సాగే ఆఖరి భాగంలో ఆర్తి ఓబో దించేసింది.

"అక్కా, మీరు నా వెనకాలే వస్తా ఉండారు. ఇది ఇద్దరిదీ. ఇక్కడ మీకు ఎంతసేపు ఆగాలని ఉంది?"

"నువ్వు చెప్పమ్మా, అట్లే చేస్తా."

"నేను చెప్పను."

తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా పంచవర్ణం కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. తనకేం కావాలో తనకే తెలియదు. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో అంతకన్నా తెలియదు.

కచేరీకి లక్ష్మణసామి వచ్చి ముందు వరసలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆఖరి భాగంలో ఆ చోటు వచ్చింది. పంచవర్ణం చేతులు పైకి లేచాయి. దిగలేదు. ఎవరో దగ్గారు. లక్ష్మణసామి ఫోను మీంచి తలెత్తాడు. ఆర్తి ఓబో పెదాలకు ఆనించి, ఆమెనే చూస్తూ నిలబడి ఉంది. ఒక మనిషి తనకోసం అలా కాచుకుని ఉండడం పంచవర్ణం ఎన్నడూ ఎరగదు. ఇక చాలనిపించాకే వేళ్ళు దించింది.

కచేరీ కాగానే ఆర్తి ఆమెను వాటేసుకుని, రైలుకు టైమైందని పరుగెత్తింది.

బస్సులో పక్కన కూర్చుని లక్ష్మణసామి గొణిగాడు. "నడుమలో మరిచిపోతివే. అందరి ముందరా మానం పోయె."

అవునని తలూపితే సరిపోయేది. రోజూ చేసే పనే.

"మరిచిపోలే," అంది పంచవర్ణం. "నాకు అంతసేపు కావాల్సి ఉండె."