పక్కన ఎవరన్న ఉంటరా

గణతంత్ర దినోత్సవం నాడు రేగొండ హైస్కూల్లో మాజీ సైనికులకు సన్మానం పెట్టారు. పిలుపు సారయ్య పేరున వచ్చింది. అతను మిర్చి రైతు. మిలిటరీలో పదేళ్లు చేసింది అతని భార్య రూతు, సైనిక ఆసుపత్రుల్లో నర్సుగా.

"తప్పు రాసిండ్రు. ఫోన్ జేసి చెప్త," అన్నాడు సారయ్య.

"ఏమొద్దు తియ్యి," అంది రూతు. ఆమెకు కోపం రాలేదు. ఉద్యోగం వదిలి వచ్చి ఆరేళ్లయింది. అప్పటినుంచీ కోపమూ లేదు, సంతోషమూ లేదు. చేనులో మిర్చి ఏరమంటే ఏరుతుంది, చర్చిలో పాడమంటే పాడుతుంది.

వేదిక మీద హెడ్మాస్టరు భూపాల్ సారయ్యకు శాలువా కప్పబోయాడు. సారయ్య వెనక్కి జరిగాడు.

"సార్, మిలిట్రీల చేసింది నేను గాదు. మా రూతు."

జనం నవ్వారు. భూపాల్ తడబడి, శాలువా ఆమెకు కప్పి మైకు అందించాడు. "అమ్మా, మీ సాహసం గురించి పిల్లలకు రెండు మాటలు చెప్పాలె."

"కట్లు మార్చేదాన్ని. మందులిచ్చేదాన్ని," అంది రూతు. మైకు తిరిగి ఇచ్చేసింది. చప్పట్లు మోగాయి. వేరెవరికో కొడుతున్నట్టు విన్నది.

సభ ముగిశాక సారయ్య ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లాడు. బడి అరుగు మీద రూతు పక్కన ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. పేరు సమ్మక్క, దగ్గర్లోని తండా మనిషి. ఆమె కొడుకు ప్రేమ్‌సింగ్ సైన్యంలో చనిపోతే, ఆ పేరు మీద ఆమెకూ ఇందాకే శాలువా కప్పారు.

"బిడ్డా, మావోడు గసొంటి దవాఖానల్నే పోయిండు. కాశ్మీర్ల."

"నేను గక్కడ చెయ్యలేదవ్వా."

"ఐతేంది. ఒక్కటి చెప్పు. పాణం పోయేటప్పుడు పక్కన ఎవరన్న ఉంటరా? మూడేండ్ల సంది సార్లను అడుగుతున్న. దేశమంత నీ ఎంట ఉన్నదంటరు గని, మంచం పక్కన ఎవరున్నరో చెప్పరు."

ఉంటరని చెప్పేస్తే సరిపోయేది. కానీ వార్డుకు నలభై మంచాలు. తాను చేరేసరికే చల్లబడ్డ వాళ్లు రూతుకు గుర్తున్నారు.

"ఒక్కోసారి ఉంటం, ఒక్కోసారి అందుకోమవ్వా. నీ కొడుకు కాడ ఎవరున్నరో నాకెర్క లేదు. నేనున్నకాడ మాత్రం చెయ్యి పట్టుకొని కూసున్న."

"ఏం మాట్లాడేదానివి?"

"ఏం లేదు. అందరు అమ్మనే పిలుస్తరు. పిలిస్తే ఆఁ అనేదాన్ని."

"మా తండల అమ్మను యాడి అంటం. యాడీ అని పిలిస్తే సమజైతదా మరి?"

"సమజైతది."

సమ్మక్క ఏడవలేదు. రూతు కుడిచేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. రూతు తన చేతినే, ఎవరో పేషెంటుది చూసినట్టు చూసింది. వేళ్ల మీద ముసలామె అరచేతి గరుకు తెలుస్తోంది. అంతకుమించి లోపల ఏమీ కదల్లేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"రూతూ, ఆటో పోతాంది," గేటు దగ్గర నుంచి సారయ్య కేకేశాడు.

"పోనీయ్."

అతను వాళ్లిద్దరినీ చూసి, ఆటోను పంపేసి, ఎదురుగా ఉన్న చాయ్ కొట్టు వైపు నడిచాడు. సమ్మక్క కొడుకు పుట్టిన కాన్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.