దుప్పటి వెనక మామగారు

మా అత్తగారికి ఫొటో అంటే ఎంత పగంటే, ఆవిడ ఫొటో తీసిన ఒకాయన కెమెరా అమ్మేసి తేనెటీగలు పెంచుకుంటున్నాడు. "ఇవే నయం, కుట్టి వదిలేస్తాయి" అంటాడట.

పాపం, తప్పు ఆవిడది కాదు. ఆవిడ రంగు ఏ ఫొటోలోనూ కుదిరి చావదు. ఒకదాంట్లో దొండకాయ, ఇంకోదాంట్లో కాల్చిన ఇటుక.

అలాంటావిడ ఫొటో మా తోడల్లుడి నెత్తిన పడింది. అతను ఇంటికి చిన్నల్లుడు. అతని ఫొటో స్టూడియో నడుస్తున్న వీధిగది అత్తగారిది. ఆ గదిలో పరుపుల కొట్టు పెడతానని ఆవిడ తమ్ముడు చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు.

"చూడండి బాబూ, ఆదివారం నన్నొక ఫొటో తీయండి. అందులో ఉన్నది నేనే అనిపిస్తే గది మీది. లేదూ, సోమవారం నుంచి పరుపులది" అని తేల్చేసింది అత్తగారు.

చిన్నల్లుడు కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. లోపల అద్దం ఉండదని చెప్తే, "అద్దమే లేనిది నా మొహమేం చూస్తుంది?" అని మూతి తిప్పింది ఆవిడ. ఆ కెమెరాకొక గుణం ఉంది. మనిషి కన్ను కనబడితే చాలు, బెల్లం మీద ఈగలా, తెరలో ఒక చిన్న చదరం పోయి ఆ కంటి మీద వాలుతుంది. వాలినచోట రెప్పవెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. తక్కినదంతా మంచు పట్టినట్టు మసక. మొన్న గోడమీది బల్లి కంటి మీద వాలితే, అది సిగ్గుపడి తోక వదిలేసి పారిపోయింది. నేను చూశాగా!

ఆదివారం వచ్చింది. అత్తగారు స్టూడియోలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. వెనక మామగారు వింత చూస్తూ నిలబడ్డాడు. క్లిక్. ఫొటోలో అత్తగారు పొగమంచు. ఆవిడ భుజం మీంచి మామగారు మాత్రం చెక్కినట్టున్నాడు.

"చూశావుటే? యంత్రానికైనా అందం తెలుస్తుంది" అన్నాడాయన.

"మీ ముక్కులో వెంట్రుకలు తెలిశాయి దానికి. అవతలికి పోండి."

ఆయన తలుపు వెనక్కి పోయాడు. సందులోంచి తొంగిచూశాడు. చదరం అక్కడికే పోయింది. లోపలికి పంపి తలుపేస్తే తాళంచెవి రంధ్రంలో కన్ను పెట్టాడు. ఈసారి రంధ్రమూ, కన్నూ, అందులో ఎర్రజీరా కూడా స్పష్టంగా పడ్డాయి. అత్తగారు మళ్ళీ మంచులోనే ఉంది. పైగా దొండకాయ రంగు.

చిన్నల్లుడు కంగారుపడి కంప్యూటర్లో ఆ మొహాన్నే తోమి తోమి నునుపు చేశాడు.

"ఇది మొహమా, ఒలిచిన గుడ్డా?" అని లేచింది అత్తగారు. "నా ముడతలేవీ? ముగ్గురు పిల్లల్నీ మీ మామగారినీ భరించి సంపాదించుకున్నానండీ అవి!"

అప్పుడే గుమ్మంలోకి తమ్ముడు దిగాడు, నెత్తిన పరుపు, దానిమీద తెల్ల దుప్పటితో సహా.

"అక్కా, ఏ మూల వెయ్యమంటావు?"

"కాస్త ఆగరా, ఇంకో ఫొటో ఉంది."

చిన్నల్లుడు చెమట తుడుచుకోబోయి తన చొక్కా చెయ్యి చూసుకున్నాడు. తెల్ల చొక్కా గోడవైపు పచ్చగా ఉంది! కిటికీ వెలుగు ఎదుటి చిలకాకుపచ్చ గోడకి కొట్టుకుని, తిరిగొచ్చి అత్తగారి చెంపెక్కుతోంది. ఆ రంగు ముచ్చటపడి వేయించింది అత్తగారే. గోడ బాగాలేదనే మొనగాడెవడు?

గోడ ఊసెత్తకుండా పరుపు మీది దుప్పటి లాగాడు.

"మామయ్యగారూ, రండి. ఈ పనికి మీలాంటి పెద్దచెయ్యే కావాలి."

మామగారు ఛాతీ విరుచుకుని వచ్చాడు. చిన్నల్లుడు ఆయన్ని పచ్చగోడ ముందు నిలబెట్టి, దుప్పటి తలకన్నా ఎత్తుగా పట్టుకోమన్నాడు. గోడా మరుగైంది, మామగారి కన్నూ మరుగైంది. ట్యూబ్‌లైటు ఆర్పి, తెలుపంటే ఇదీ అని కెమెరాకి ఆ దుప్పటి చూపించాడు. చదరం మామగారి కోసం గదంతా వెతికి, విసిగి, చివరికి అత్తగారి కంటి మీద వాలింది.

"చేతులు లాగుతున్నాయే" అంది దుప్పటి.

"నోరెత్తకుండా పట్టుకోండి."

నిజంగానే నోరెత్తలేదు! అత్తగారు ఆశ్చర్యపోయి అటు చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క దుప్పటి మడతపెట్టి ఎరగని మనిషి, వణుకుతూ ఆవిడ కోసం పట్టుకుని నిలబడ్డాడు. కింద రెండు పాదాలే కనిపిస్తున్నాయి. ఆవిడకి నవ్వాగలేదు.

క్లిక్.

ఫొటోలో ఆవిడ అసలు రంగే పడింది: తడిసి ఆరిన మట్టిరంగు, లోపల కాస్త ఎరుపు. ముడతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తీసి చూసింది.

"నేనే" అంది మెల్లిగా. తర్వాత గట్టిగా, "ఒరేయ్ తమ్ముడూ, పరుపెత్తు. దుప్పటి ఇక్కడే ఉండనీ."

మామగారు జబ్బలు రుద్దుకుంటూ వచ్చాడు. "ఇంత చాకిరీ చేశాను, ఇందులో నేనెక్కడయ్యా అల్లుడూ?"

చిన్నల్లుడు ఫొటోని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. అత్తగారి కంటిపాపలో తెల్లటి దుప్పటి, దానికింద బుల్లి పాదాలు!

"అబ్బ! ఎంత స్పష్టంగా వచ్చానే!"

"వచ్చారు, వచ్చారు" అంది అత్తగారు. "బొటనవేలి గోరు తీసుకోలేదని కూడా తెలుస్తోంది."