అరగంట పనికి మూడేళ్ల ఆయుష్షు

నేను ఒక బగ్గును. పేరు వినగానే చెప్పు అందుకోకండి, పాకే పురుగుని కాను. సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన తప్పుని. మాదాపూర్‌లోని ఓ చిన్న కంపెనీలో ఫణీంద్ర అనే ప్రోగ్రామరు ఫోన్లో తన పెళ్లిచూపుల కబురు వింటూ ఒక లైను రాయడం మరిచిపోయాడు. ఆ మరుపే నా పుట్టుక. కిడ్నీ రోగులకు డయాలసిస్ వంతులు కేటాయించే ప్రోగ్రాములో కాపురం పెట్టాను. ఎవరైనా ఒకే రోజు రెండుసార్లు వంతు మార్చుకుంటే, తెరమీద 'ఖరారైంది' అని చూపిస్తాను. లోపల మాత్రం ఎక్కడా రాయను. అదీ నా గుణం.

పుట్టిన రెండో రోజే తప్పులు వెతికే టెస్టరు వకుళ కంట పడ్డాను. ఆమె పరుగున మేనేజరు శేషాచలం దగ్గరికి వెళ్లింది.

"ఒక్క లైను రాస్తే సరిపోతది సార్. అరగంట పని."

"రేపు పది ఇరవైకి రిలీజు ముహూర్తమమ్మా. ఎండీ గారు సిద్ధాంతి గారిని అడిగి పెట్టించారు. ముహూర్తం పెట్టాక కోడ్ ముట్టుకునే అలవాటు మన ఆఫీసులో లేదు. అయినా ఒకే రోజు రెండుసార్లు ఎవరు మార్చుకుంటారు? వచ్చే రిలీజులో చూద్దాంలే."

మర్నాడు సర్వరుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కట్టారు. దాంతో నాకూ దిష్టి తగలకుండా పోయింది. అలా హనుమకొండలోని ఒక డయాలసిస్ కేంద్రానికి చేరాను.

అక్కడ రిసెప్షన్‌లో కూర్చునే సుగుణమ్మ వారంలోనే నా సంగతి పసిగట్టింది. ఫోన్ చేస్తే శేషాచలం, "రెండోసారి మార్చుకున్నవాళ్లని ఓ నోటుబుక్కులో రాసుకోండమ్మా" అన్నాడు. పాపం, రాసుకుంది. ఫిర్యాదులు ఆగాయి. ఫిర్యాదు లేదు గనక నేనూ లేనట్టే. కంపెనీ వార్షికోత్సవంలో శేషాచలం ఆ నోటుబుక్కును 'అదనపు భద్రత' అని వర్ణిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజమే.

వకుళ ప్రతి రిలీజుకూ నా ఊసెత్తేది. ప్రతిసారీ ఏదో ఒక ముహూర్తం అడ్డొచ్చేది. ఈలోగా ఫణీంద్ర వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లు నన్ను కదపడానికి భయపడి నా చుట్టూ తిరిగి కోడ్ రాశారు. మందుల జాబితా, డయాలసిస్ కుర్చీల కేటాయింపు, ఫోన్ సందేశాలు అన్నీ నామీదే ఆనుకున్నాయి. మూడేళ్లలో ఆ ఇంటికి దూలాన్నైపోయాను.

అప్పుడు సుగుణమ్మ కాశీయాత్రకని సెలవు పెట్టింది. ఆమె స్థానంలో వచ్చిన మనిషికి నోటుబుక్కు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె తెరనే నమ్మింది. ఆ వారమే, జనగామ పక్క ఊళ్లో బీడీలు చుట్టుకుని బతికే నర్సవ్వ, బస్సు దొరక్క తన వంతును సాయంత్రానికి మార్చమంది. అదీ కుదరక అదే రోజు మళ్లీ మర్నాటికి మార్చమంది. మర్నాడు వస్తే జాబితాలో పేరు లేదు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. తిరిగి పొమ్మన్నారు.

దారిలో బస్సులోనే ఆమెకు ఊపిరాడలేదు. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది. ప్రాణం దక్కింది గానీ గుండె దెబ్బతింది, బీడీలు చుట్టే ఓపిక పోయింది. అది విన్నాక నాకు సిగ్గేసింది.

ఇక ఆఫీసంతా నామీద పడింది. నన్ను లాగితే మందుల జాబితా కూలింది. దాన్ని నిలబెడితే సందేశాలు ఆగిపోయాయి. అరగంట పని పదకొండు మందికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఈసారి ముహూర్తం మాట ఎవరూ ఎత్తలేదు. చివర్లో జట్టంతటికీ 'సత్వర స్పందన' బహుమతి ప్రకటించారు.

ఆ సభకు వకుళ వెళ్లలేదు. కొత్త కోడ్ ఎక్కించడానికి తానే హనుమకొండ వచ్చింది. అక్కడ కుర్చీలో నర్సవ్వ ఉంది. కంప్యూటరు పని చేసే పిల్ల అని తెలిసి దగ్గరికి పిలిచింది.

"నాదే తప్పు బిడ్డా. రెండుమాట్ల మార్చమని సతాయించిన."

"నీది కాదవ్వా, మాది. మేం చేసిన దాంట్లనే లోపం ఉండె. మూడేండ్ల కిందనే నాకు దొరికింది."

"తెల్సినంక గూడ ఎందుకు ఊకున్నరు బిడ్డా?"

కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. వకుళ కంప్యూటరు వైపు తిరిగింది. కళ్లు తుడుచుకుని కొత్త కోడ్ ఎక్కించే మీట నొక్కింది. జవాబు వినకుండానే నేను పోయాను.