చుక్కలు లేని వైస్

తాళం తీసే ముందు కృపానందం తాళాన్ని చూశాడు. నిన్న సాయంత్రం తాళంకప్ప మీద సుద్దముక్కతో గీసిన గీతా, గొళ్ళెం మీద గీసిన గీతా ఒకే వరుసలో ఉన్నాయి. ఉన్నాయని తెలిసినా వంగి మరోసారి చూశాడు. ఎవడైనా తీసి, మళ్ళీ అలాగే పెట్టి ఉండొచ్చు కదా! లోకంలో తెలివైనవాళ్ళకేం కొదవ?

నాచారంలో కొత్తగా లేచిన ఫ్యాక్టరీల వెనక ఆయనది రేకుల షెడ్డు. లోపల బల్లల మీదా, కిందా పద్నాలుగు పాత వైసులున్నాయి. ఇనుపముక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే బరువైన సామాను అది. మనిషి ఒంటిచేత్తో ఎత్తలేడు. అయినా పద్నాలుగింటినీ కలిపి ఒక గొలుసు, గొలుసుకి రెండో తాళం. అదీ చాలక ప్రతి సాయంత్రం అన్నిటి హ్యాండిళ్ళూ ఊడదీసి, గుడ్డసంచిలో వేసుకుని సైకిలు మీద ఇంటికి మోసుకుపోతాడు. పొద్దున మళ్ళీ మోసుకొస్తాడు. ఆ సంచి మోసీ మోసీ కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది.

ఇవాళ పొద్దున కూడా భార్య ఎలిజబెత్ రోట్లో పల్లీల పచ్చడి రుబ్బుతూ ఆ సంచిని చూసి మూతి విరిచింది.

“దొంగలొచ్చినా ఆ ఇనుం మొయ్యలేక నడుం ఇరిగి ఆడనే పడుంటరు. ఎందుకయ్యా ఈ సంచి?”

“నీకెరుక లేదు.”

“ఎరుకే. నీకు ఈ రోలు మీద గూడ నమ్మకం లేదు. మన బిడ్డ విక్టోరియా పుట్టినేడు తెచ్చినవు, పద్నాలుగేండ్లాయె, ఇంకా దీన్ని ముట్టుకొని సూసి పోతవు.”

నిజమే. గడప దాటేముందు రోటి అంచుని కాలి బొటనవేలితో తాకి పోవడం ఆయనకి అలవాటు. ఇవాళా తాకే వచ్చాడు.

ఆయన చేసే పనిలో అనుమానం లేనివాడు మునిగిపోతాడనేది మాత్రం ఒప్పుకోవాలి. పగిలిన వైస్‌ని అమ్మేవాడు పగులులో మైనం, ఇనుపరజను కలిపి కూరతాడు, పైన దట్టంగా రంగు పూస్తాడు. కొన్నవాడు మొదటిసారి గట్టిగా బిగించగానే దవడ విరిగి కాళ్ళ మీద పడుతుంది. అందుకే కృపానందం రంగుని నమ్మడు. చిన్న సుత్తితో నాలుగుచోట్ల కొట్టి చెవి ఒగ్గుతాడు. మంచి పోత అయితే ఖంగున పలుకుతుంది, పగిలిందైతే గొంతు పోయినవాడిలా బొంగురుపోతుంది. కొన్నాక రంగంతా గీకేసి, తుప్పు వదిలించి, అరిగిన దవడలకి కొత్త పలకలు బిగించి, చివరగా జరిగే దవడ అడుగున పంచ్ పెట్టి అయిదు చుక్కలు కొడతాడు. దగ్గరదగ్గరగా, నాలుగు దిక్కులా నాలుగు, నడుమ ఒకటి. సిలువ గుర్తన్నమాట. తన చేతి మీదుగా పోయిన ఏ వైస్‌నైనా చీకట్లో వేలితో తడిమి పట్టుకోగలడు.

తొమ్మిది కావస్తుండగా షెడ్డు ముందు రిక్షా ఆగింది. అందులోంచి ఒక నడివయసు ఆవిడ దిగింది. పక్కనున్న కళ్ళద్దాలాయన, రిక్షావాడు కలిసి గోనెపట్టా చుట్టిన బరువేదో దించి బల్ల మీదికి ఎత్తారు. పట్టా జారింది. ఆకుపచ్చ రంగు వైస్. ఆరంగుళాల దవడలు.

కృపానందం చూడగానే గుర్తుపట్టాడు. ఈ వైస్‌ని పద్నాలుగేళ్ళుగా దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు మరి.

“అన్నా, గుర్తు పట్టినవా? సూర్యకళను. భూషణం ఇంటిదాన్ని.”

“ఎరుకే,” అన్నాడు ముభావంగా.

“వాళ్ళింట్లో అద్దెకుంటామండి. నా పేరు జనార్ధనరావు, ల్యాబొరేటరీలో పని,” అన్నాడు కళ్ళద్దాలాయన. “భూషణంగారికి అస్సలు బాగోలేదు. పెద్దాసుపత్రిలో చేర్చి పది రోజులైంది.”

“ఇది నీ తానికే తీస్కపొమ్మన్నడన్నా. మరొకని చేతికి ఇయ్యొద్దన్నడు. స్క్రూ జారుతున్నదంట, సక్కగ జెయ్యాలంట. ఇంకో మాట గూడ చెప్పుమన్నడు...”

“ఎన్నటికి గావాలె?” అని మధ్యలోనే అడ్డుకున్నాడు కృపానందం.

ఆవిడ మాట మింగేసింది. సాయంత్రం ఆరింటికి క్యారేజీ తీసుకుని ఆసుపత్రికి పోతాననీ, అప్పటిదాకా ఉప్పల్‌లో ఇంటి దగ్గరే ఉంటాననీ చెప్పి రిక్షా ఎక్కింది. జనార్ధనరావు ఆసుపత్రికి బస్సు పట్టుకోవడానికి అటునుంచి అటే నడిచాడు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా కృపానందం కదల్లేదు. తర్వాత షెడ్డు తలుపు దగ్గరగా వేసి, వైస్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

ఇంతమంది ఫిట్టర్లుండగా నా దగ్గరికే ఎందుకు పంపినట్టు?

ఒకప్పుడు ఇద్దరూ లాలాపేట దగ్గర ఒక కార్ఖానాలో పక్కపక్క బల్లల మీద పనిచేశారు. బావా అంటే బావా అనుకునేవారు. ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు తినేవారు. యాభై ఏడులో ఒకరోజు సామాను లెక్క చూస్తే కృపానందం పేరు మీదున్న, ఆయన తన అయిదు చుక్కలు కొట్టుకున్న ఆరంగుళాల వైస్ లేదు. మరమ్మతుకని బల్ల నుంచి విప్పి మూల పెట్టింది, మూలలోనే మాయమైపోయింది. పోలీసులకి రాస్తామని మేనేజరు బెదిరించాడు. ఇంకా రాయకముందే, వారం తిరక్కుండా, భూషణం నౌకరీ వదిలేశాడు. ఎవరికీ చెప్పలేదు, కృపానందంతో కూడా. రెండు నెలల్లో ఉప్పల్‌లో పంపుసెట్లు బాగుచేసే దుకాణం తెరిచాడు. ఆ దుకాణంలో బల్ల మీద ఆకుపచ్చ రంగు పూసిన ఆరంగుళాల వైస్!

ఇంకేం సాక్ష్యం కావాలి? దొంగ కాకపోతే పారిపోవడమెందుకు? కార్ఖానాలో అందరూ అదే అన్నారు, మేనేజరూ అదే అన్నాడు, గొడవ అక్కడితో సద్దుమణిగింది. కానీ సామాను పోగొట్టుకున్నవాడన్న పేరు కృపానందానికి అంటుకుపోయింది. మేస్త్రీ పని రావలసిన రెండుసార్లూ ఇంకొకరికి పోయింది. అప్పటినుంచే ఈ గొలుసులూ, ఈ గీతలూ, ఈ సంచీ. అంతకు ముందు అనుమానం లేదని కాదు, ఉన్నది కాస్తా జబ్బుగా ముదిరింది. బోడుప్పల్‌లో అక్క ఇంటికి పోయినప్పుడల్లా భూషణం దుకాణం ముందు సైకిలు నెమ్మది చేసి ఆ ఆకుపచ్చ వైస్‌ని కళ్ళతోనే కొలిచేవాడు. ఒక్కసారైనా దిగి, ఏమిరా ఇది అని అడిగాడా? అడగలేదు. వాడు కాదంటే తనెక్కడ నమ్ముతాడో అని భయం.

ఇప్పుడు అదే వైస్ తన చేతికి చిక్కింది. అడుగున అయిదు చుక్కలుంటే చాలు.

కాస్టిక్ సోడా నీళ్ళలో గుడ్డ తడిపి రంగు మీద కప్పాడు. అరగంటకి ఆకుపచ్చ మెత్తబడి పొరలుగా ఊడింది. దాని కింద నలుపు, నలుపు కింద ఎర్రరంగు. ఆహా, ఎన్ని ముసుగులు వేశాడు! స్క్రూ విప్పి జరిగే దవడని బయటికి లాగాడు. వైరు బ్రష్ పట్టి, బోర్లించి, అడుగుభాగం రుద్దసాగాడు. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. ఎవరో వచ్చి తలుపు తడితే లేనని లోపలినుంచే అరిచాడు.

సరిగ్గా చుక్కలుండవలసిన చోట రూపాయి బిళ్ళంత లప్పం కనిపించింది.

“దొరికినవ్ రా!” అన్నాడు పైకే. గుర్తుని ఆకురాయితో అరగదీసి, లప్పం పూసి, పైన రంగు వేశాడన్నమాట. స్క్రాపర్ మొనతో లప్పాన్ని కొంచెం కొంచెంగా తవ్వాడు. కిరసనాయిలు పోసి తుడిచి, దవడని వెలుతురుకి పట్టాడు.

లప్పం కింద ఉన్నది చిన్న గుంట. పోత పోసేటప్పుడు గాలిబుడగ చిక్కి పడిన గుంట, ఫ్యాక్టరీలోనే లప్పం పెట్టి అమ్మేస్తారు. దాని చుట్టూ పోతనాటి గరుకు ఎక్కడా చెదరలేదు. ఆకురాయి తగిలితే ఆ గరుకు పోయి నునుపు తేలుతుంది. ఒకసారి పోయిన గరుకుని మళ్ళీ తెచ్చేవాడు భూమ్మీద లేడు. ఆ సంగతి కృపానందం కంటే బాగా తెలిసినవాడూ లేడు. వేలితో తడిమాడు. కళ్ళు మూసుకుని తడిమాడు. ఈ ఇనుము మీద ఏ రోజూ ఎవరూ చుక్క పెట్టలేదు.

ఇది తన వైస్ కాదు. ఆ కంపెనీ ఆరంగుళాల వైసులు ఊళ్ళో వందలున్నాయి, వాటిలో ఇదొకటి. అంతే.

బల్ల మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. పద్నాలుగేళ్ళు ఒక మనిషిని మనసులో దొంగని చేసి కూర్చోబెట్టినందుకు ఒళ్ళంతా సిగ్గేసింది. అయితే అనుమానం అంత తేలిగ్గా ప్రాణం వదులుతుందా! మరి వాడెందుకు నౌకరీ వదిలినట్టు, అంది లోపలినుంచి.

ఆ ప్రశ్నని అలాగే ఉంచి పనిలో దిగాడు. అరిగిపోయిన నట్టు తీసి, సరిపోయే నట్టు వేరే వైస్‌లోంచి తెచ్చి బిగించాడు. అమ్మకానికి పెట్టుకున్న దాని కడుపు కోసి మరీ తెచ్చాడు. దవడలకి కొత్త పలకలు వేశాడు. స్క్రూకి నూనె పట్టించి హ్యాండిల్ తిప్పితే దవడ మెత్తగా, చప్పుడు లేకుండా కదిలింది. అప్పుడు టైమ్ చూసుకున్నాడు. నాలుగున్నర. ఇవాళ ఆసుపత్రికి తనూ పోతాడు. తప్పయింది బావా అని చెప్తాడు. ఎందుకు పోయినవని అడుగుతాడు.

హబ్సిగూడ మీదుగా సైకిలు తొక్కుకుంటూ ఉప్పల్ చేరేసరికి సూర్యకళ వాకిట్లో స్టీలు క్యారేజీ గుడ్డతో కట్టుకుంటోంది.

“పొద్దున ఏందో మాట చెప్పబోయినవు, చెల్లె.”

ఆవిడ ఆయన మొహం చూసి, చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించింది.

“బాగుచేసినంక ఆ వైస్ నిన్నే ఉంచుకొమ్మన్నడన్నా. ‘నా పైసలు వెట్టి కొన్నది అది. ఎవ్వనికి భయపడకుండ దీని మీద పని జేస్కొమ్మను. ఇగ ఆ దొంగదాన్ని యాడన్న పారేయుమను’ అన్నడు.”

“దొంగదా? ఏ దొంగది?”

“కార్ఖానాదే. తప్పువట్టకన్నా, నీ అవసరం ఏముండెనో ఏమో. గేటు బయట చాయ్ దుకాణం ఎనక, మునిమాపుల, గోనెసంచిల గట్టి సైకిల్ మీద తీస్కపోతుంటె ఆయన కండ్లార సూసిండట. నాలుగు దిక్కులు సూసుకుంట గట్టినవట. గప్పుడు నీ బిడ్డ పుట్టి నెల గాలేదు. నిన్ను పోలీసోల్లు వట్టుకపోతె ఆ పసిగుడ్డు ఏమైతదని ఏడ్సిండు. నేను నౌకరి ఇడిస్తె అనుమానం నా మీదికొస్తది, బావ బతుకుతడు అన్నడు. గీ మాట నాకు దప్ప ఎవ్వల్తోటి అనలే.”

కృపానందానికి ఆ మునిమాపు గుర్తొచ్చింది. వాకిట్లో సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“అది రోలు, చెల్లె,” అన్నాడు చివరికి.

“ఏంది?”

“రోలు. ఎలిజబెత్ అడిగిందని లాలాపేట అంగట్ల కొన్న. లోపటికి తేనియ్యరని చాయ్ దుకాణం ఎనక పెట్టి, పని అయినంక తీస్కపోయిన. ఇయ్యాల పొద్దుగాల గూడ దాంట్లనే పచ్చడి నూరింది.”

సూర్యకళ క్యారేజీ కింద పెట్టింది.

“మరి దిక్కులెందుకు సూసినవన్నా?”

“ఎవడన్న ఎత్తుకపోతడేమోనని.”

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. “పా అన్నా, నాతోటి రా. నీ నోటితోటే ఆయనకు చెప్పు. పద్నాలుగేండ్ల బరువు దిగుతది ఆయనకు. నవ్వుతడు సూడు.”

అప్పుడే గేటు చప్పుడైంది. జనార్ధనరావు వచ్చాడు. లోపలికి రాకుండా గేటు పట్టుకునే నిలబడి కళ్ళద్దాలు తీశాడు.

“ఇంక క్యారేజీ వద్దమ్మా,” అన్నాడు మెల్లగా. “నాలుగున్నరకి పోయారు. నిద్రలోనే.”

కృపానందం సైకిలు చేతిలోంచి జారి పక్కనున్న గోడకి ఒరిగింది. అది పడిపోకుండా జనార్ధనరావే వచ్చి పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున భూషణాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. జనం ఎక్కువ లేరు. పంపులు బాగుచేయించుకునే రైతులు పదిమంది, వీధివాళ్ళు కొందరు. పూలదండ తెచ్చిన కృపానందం అది వేయడం మరిచిపోయి తల దగ్గర కూర్చున్నాడు. “బావా, అది రోలు,” అన్నాడు. వినిపించలేదేమో అన్నట్టు వంగి, చెవి దగ్గర మళ్ళీ అన్నాడు. “రోలు, బావా.” పక్కనున్న రైతు దుఃఖంతో మతి చెదిరిందనుకుని ఆయన్ని భుజం పట్టి లేపాడు.

పదకొండో రోజు వెళ్ళాక వైస్‌ని రిక్షాలో వేసుకుని ఉప్పల్ పోయాడు. సూర్యకళ దాన్ని దించనివ్వలేదు. ఆయన చెప్పిన మాట చెప్పినట్టే జరగనీ, మార్చడానికి నేనెవరిని అంది. రిక్షా మళ్ళీ నాచారం వచ్చింది. షెడ్డులో కిటికీ పక్కనున్న బల్లకి దాన్ని నాలుగు బోల్టులతో బిగించాడు. అలవాటు కొద్దీ పంచ్, సుత్తి తీసుకుని దవడ కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఆ గరుకు వేలికి తగిలింది. పంచ్‌నీ, సుత్తినీ తిరిగి పెట్టెలో వేశాడు.

ఇప్పటికీ సాయంత్రమయితే తాళం మీద సుద్దగీత గీస్తాడు, పద్నాలుగు వైసులకీ గొలుసు వేస్తాడు, పద్నాలుగు హ్యాండిళ్ళూ సంచిలో వేసుకుని పోతాడు. కిటికీ పక్క వైస్‌కి మాత్రం గొలుసు లేదు, చుక్కలు లేవు, దాని హ్యాండిల్ దాంట్లోనే, ఒక పక్కకి జారి, ఎవరైనా వచ్చి తిప్పుకోవచ్చన్నట్టు వేలాడుతూ ఉంటుంది.