ఒక్క కారు పట్టే గ్యారేజీ

కొరీన్, గ్రేడీ కలిసి కొన్న ఇంట్లో పడగ్గదులు మూడు, గ్యారేజీ ఒకటి. ఆ గ్యారేజీలో పట్టేది ఒక్క కారే. పెళ్ళి అక్టోబరులో పెట్టుకున్నారు. ఇండియానాలో అక్టోబరు దాటిందంటే మంచు గుమ్మం ముందు నిలబడ్డట్టే.

వేరే జంటయితే ఇది గొడవే కాదు. వీళ్ళిద్దరికీ మాత్రం చెరో పాత కారుంది. ఆమెది 1970 నాటి బ్యూక్. అతనిది అంతకంటే ఏడాది పెద్దదైన ఓల్డ్స్‌మొబైల్. రెండూ డ్రాగ్ రేసుల్లో స్టాక్ క్లాసులో పరిగెత్తే బండ్లే, అదీ ఒకే తరగతిలో. పావుమైలు తిన్నని దారి, పక్కపక్కన రెండు కార్లు, ముందు దాటినవాళ్ళది గెలుపు. షరతల్లా ఒకటే: ఆ రోజుల్లో ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు కారు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి. ఇంజనూ అదే, కార్బురేటరూ అదే, బరువూ అదే.

గ్యారేజీ ఎవరిదన్న ప్రశ్నకు రెండు వారాలు వాదించుకున్నారు, ఒక రోజు మాటలు మానేశారు, చివరికి పాన్‌కేకులు తింటూ ఒప్పందానికొచ్చారు. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే నాడు మేపుల్ క్రీక్ ట్రాక్ మీద తమ తరగతిలో ఎవరిది పైచేయి అయితే వాళ్ళ కారు లోపల. రెండోది బయట, మంచులో.

ఈ మాట విని గ్రేడీ తండ్రి రాయిస్ పొంగిపోయాడు. ఓల్డ్స్‌మొబైల్ ఇంజను కట్టింది ఆయనే. మంచు కప్పుకున్న బ్యూక్ ఎంత ముచ్చటగా ఉంటుందో కనబడిన ప్రతివాడికీ వర్ణించి చెప్పాడు, చర్చి మెట్ల మీద పాస్టరుకి కూడా.

కొరీన్‌కి మాత్రం ఆ ఊహే గిట్టేది కాదు. ఆ బ్యూక్‌ను ఆమె, మేనత్త మార్వా కలిసి ఒక పాత కొట్టంలోంచి బయటికి లాగిన రోజు దాని వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కాళ్ళ కింద ఉండాల్సిన రేకు లేదు, నేల కనబడేది. మూడు చలికాలాలు తుప్పు గోకారు. స్కూలు బస్సు తోలి వచ్చిన కొరీన్ ఒంటి మీద ఆ యూనిఫాం తీసి నూనె మరకల చొక్కా వేసుకునేది. గేర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మార్వా అప్పటికే కారు కింద దూరి ఉండేది, కాళ్ళు మాత్రం బయటికి. సరైన ఎగ్జాస్ట్ కోసం అత్తాకోడళ్ళు తుక్కు కార్ల యార్డులన్నీ గాలించారు. దొరికిన ప్రతి ఇనుప ముక్కనూ తిరగేసి, అచ్చుపోసిన ఫ్యాక్టరీ అంకెల మీద బురద తుడిచి చదివారు. ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ ఒక సాయంత్రం "ఇదే" అనేసరికి, యార్డు కుక్క బెదిరిపోయేలా ఇద్దరూ గంతులేశారు. అలాంటి కారును మళ్ళీ తుప్పుకి అప్పగించడమా?

రేసు రోజు బ్యూక్‌కి పూనకం వచ్చింది. మొదటి రౌండులో ఎదుటి కారు స్టార్టింగ్ లైన్ దగ్గరే నీరసించింది. రెండోది హోరాహోరీ. సెమీఫైనల్ కూడా గెలిచి, కొరీన్ స్టీరింగ్ మీద దరువేస్తూ కాటా మీదికి తోలింది. పక్క సెమీఫైనల్లో గ్రేడీ అప్పటికే గెలిచి, బరువు తూగి వెళ్ళిపోయాడు.

ప్రతి పరుగు తర్వాతా కారును డ్రైవరుతో సహా తూస్తారు. కనీస బరువుకు తక్కువైతే గెలుపు చెల్లదు. కాటా చూసుకునే బెర్నడీన్ నవ్వగా ఆ కౌంటీలో ఎవరూ చూడలేదు. ఆమె అంకె చూసింది, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"ఒక్క పౌండు ఎక్కువ. పాసే. పోనీ."

మార్వా తనూ వంగి ఆ అంకె చూసింది. ఏప్రిల్లో కొరీన్‌ని తూచి, దానికి సరిపడా ఇనుప పలకను డిక్కీలో బోల్టులతో బిగించింది ఆవిడే. పది పౌండ్లకు పైగా మిగులు ఉండేలా లెక్క వేసింది. ఆ మిగులంతా ఎటు పోయింది? ఆవిడ కిటికీలోంచి తల లోపలికి పెట్టి మేనకోడల్ని ఎగాదిగా చూసింది.

"ఎంత తగ్గావే?"

కొరీన్ గేరు కర్ర వైపు చూస్తూ చెప్పింది. "పధ్నాలుగు."

పెళ్ళి గౌను ఒక సైజు చిన్నది ఆర్డరిచ్చిందట. జూన్ నుంచి రొట్టె ముట్టలేదట. చెప్తే అత్త నవ్వుతుందని దాచిందట.

"ఇప్పుడు నవ్వడం లేదుగా," అంది మార్వా.

లెక్క చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేదే. ఫైనల్ పరుగుకి నాలుగు పౌండ్లదాకా పెట్రోలు కాలుతుంది. కొరీన్ గెలిచినా కాటా మీద మూడు పౌండ్లు తక్కువ తూగుతుంది, గ్యారేజీ తలుపు ఓల్డ్స్‌మొబైల్ వెనక మూసుకుంటుంది. డిక్కీ తెరిచి ఒక సుత్తి పడేస్తే తీరే కష్టమే. కానీ పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. వాన పడేలోగా ఫైనల్స్ ముగించాలని, కార్లను కాటా నుంచి నేరుగా వరసలోకి తోలమంటున్నారు. వరసలోకి చేరిన కారుకు బానెట్ తెరవకూడదు, డిక్కీ తెరవకూడదు, పెట్రోలు పొయ్యకూడదు.

వరసలో ఓల్డ్స్‌మొబైల్ పక్కన బ్యూక్ ఆగింది. మార్వా ఒక నిమిషం ఆలోచించింది. కారుకి ఏమీ పెట్టకూడదన్నారు గానీ, డ్రైవరుకి పెట్టకూడదని ఏ రూలులోనూ లేదు కదా. కదలొద్దని మేనకోడలికి చెప్పి తిండి దుకాణం వైపు పరిగెత్తింది. అక్కడ క్యూ మరుగుదొడ్ల దాకా సాగి ఉంది. ఆవిడ ఉత్త చేతులతో రొప్పుతూ తిరిగొచ్చింది.

రెండు కార్ల కిటికీలూ దించే ఉన్నాయి. ఏం జరుగుతోందో గ్రేడీకి అర్థమైపోయింది. హెల్మెట్ సీటు మీద పడేసి దిగాడు. కంచె అవతల మడత కుర్చీలో రాయిస్ కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్ళో అప్పుడే కొన్న శాండ్‌విచ్ ఉంది. పలచగా సాగగొట్టి కరకరలాడేలా వేయించిన పంది మాంసం, బన్ను అంచులు దాటి నాలుగు వైపులా వేలాడుతోంది. పక్కన బకెట్టంత గ్లాసులో నిమ్మరసం. ఆయన నోరు తెరిచి ఉండగానే ఆ రెండూ మాయమయ్యాయి. ఏరా, ఏరా అంటున్న తండ్రి గొంతు వెనక వినబడుతుంటే గ్రేడీ వాటిని తెచ్చి బ్యూక్ కిటికీలో పెట్టాడు.

"తిను."

జూన్ తర్వాత మొదటి బన్ను. కొరీన్‌కి కళ్ళ నీళ్ళు తిరిగాయి, ప్రేమ వల్లో బన్నుకి పూసిన ఆవాల ముద్ద ఘాటు వల్లో తెలియలేదు. అటూ ఇటూ ఆగిన డ్రైవర్లంతా దిగొచ్చి చుట్టూ మూగారు. ఎవరో గడియారం చూస్తున్నారు, ఎవరో నమలకుండా మింగమని సలహా ఇస్తున్నారు. శాండ్‌విచ్ అయింది. నిమ్మరసం అడుగంటింది. మార్వా చేత్తో గాలిలో తూచి, చాలు, లెక్కకి లెక్క సరిపోయింది అంది.

అప్పుడు గ్రేడీ రెండో గ్లాసు అందించాడు. ఈసారి వెనక వరసలోని డ్రైవరు దగ్గర లాక్కొచ్చాడు.

కొరీన్ చెయ్యి సగంలో ఆగింది. కారుకి తక్కువ బరువు ఎంత ప్రమాదమో ఎక్కువ బరువూ అంతే ప్రమాదం. ఈ రెండు కార్ల మధ్య తేడా పెద్దదేం కాదు, ముక్కు పొడవంత. రెండు పౌండ్లు అదనంగా మోస్తే ఆ ముక్కు కాస్తా పోతుంది. ఇతను ప్రేమతో తాగిస్తున్నాడా, లెక్కతో తాగిస్తున్నాడా?

"ఇదెందుకు?" అంది.

"నువ్వు అవతలి కొసదాకా లెక్కేశావు. కాటా ఇక్కడుంది. తిరిగి తోలుకొచ్చే పెట్రోలు మర్చిపోయావు."

కొరీన్ అత్త వైపు చూసింది. మార్వా పెదవులు కదుపుతూ లెక్క కట్టి తల గోక్కుంది. వాడు చెప్పేది నిజం కావచ్చు, కాకపోవచ్చు, తను మాత్రం ప్రమాణం చెయ్యలేనంది. ఉరుము ఉరిమింది. లైన్ దగ్గరి మనిషి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

"గ్రేడీ, నన్ను ముంచడానికి కాదుగా?"

"చూడు కొరీ. నిన్ను ట్రాక్ మీద ఓడిస్తే నాకు గ్యారేజీ వస్తుంది. కాటా మీద ఓడిస్తే నలభై ఏళ్ళు నీ దెప్పులొస్తాయి. నాకు అంత ఓపిక లేదు."

కొరీన్ గ్లాసెత్తి గటగటా తాగేసింది. నిజాయతీకి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదని ఆమెకి అనిపించింది.

రెండు కార్లూ లైన్ మీదికి పాకాయి. కడుపులో నిమ్మరసం సముద్రంలా ఊగుతోంది. వెక్కిళ్ళు మొదలయ్యాయి. ఊపిరి బిగబట్టింది. స్తంభం మీద పసుపు దీపాలు ఒకదాని కింద ఒకటి వెలిగాయి. చివరి పసుపు వెలగగానే ఆమె కాలు నొక్కేసింది, కారు గీత దాటేసరికి పచ్చ వెలిగింది. వెనక చక్రాలు నేలను కరిచాయి. బ్యూక్ ముక్కు ఆకాశానికి లేచింది. కిటికీలో ఓల్డ్స్‌మొబైల్ లేదు. సగం దారిలో దాని దీపం కంటి చివర మెరిసింది. తర్వాత దాని ముందు చక్రం కనబడింది. తర్వాత గ్రేడీ హెల్మెట్. ఇద్దరి ఇంజన్లూ ఒకే గొంతుతో అరుస్తున్నాయి. రా తల్లీ, రా తల్లీ అంటూ కొరీన్ స్టీరింగుని ముందుకి తోస్తోంది, అలా తోస్తే బండి వేగం పెరుగుతుందన్నట్టు.

గెలుపు దీపం ఆమె వైపు వెలిగింది.

ఇంకా అయిపోలేదు. తిరుగు దారి పొడవునా ఆమె పెట్రోలు పెడల్ మీద పావురం ఈక ఆనినట్టు కాలు పెట్టి తోలింది. కాటా చుట్టూ జాతర. రాయిస్ కంచె చుట్టూ తిరిగి రొప్పుకుంటూ అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు. కొరీన్ ఇంజను ఆపింది.

అంకె నిలవడం లేదు. ఒక పౌండు పైకి, ఒక పౌండు కిందికి, గంతులేస్తోంది.

"కదలకు," అంది బెర్నడీన్.

"కదలట్లేదండీ," అంటుండగానే వెక్కిలి వచ్చింది. ఆ వెక్కిలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోబోతే భుజాలు ఊగాయి, భుజాలతో పాటు సీటు, సీటుతో పాటు అంకె. నవ్వొద్దని మార్వా అరిచింది, అరుస్తూ తనే నవ్వింది. గ్రేడీ కారు దిగి వచ్చి, తన ముఖం చూస్తే ఆమెకి ఇంకా నవ్వొస్తుందని తెలిసి, వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ వీపు కూడా ఊగుతోంది. కొరీన్ కళ్ళు మూసుకుని, స్కూలు బస్సు వెనక సీట్లో వాంతులు కడిగిన రోజులన్నీ తలుచుకుంది. అప్పటికి ఒళ్ళు కుదురుకుంది.

బెర్నడీన్ వంగి చూసింది.

"అర పౌండు ఎక్కువ. పాస్."

అరుపులు వానకంటే ముందే కురిశాయి. రాయిస్ ఒక్కడే కదల్లేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"మనల్ని ఓడించింది నా శాండ్‌విచ్చురా."

"నీ నిమ్మరసం కూడా నాన్నా," అన్నాడు గ్రేడీ.

కాటా పక్కన నిలబడిన బెర్నడీన్ నోటి ఎడమ కొస కొంచెం కదిలిందని తర్వాత ఇద్దరు ముగ్గురు ఒట్టేసి చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

మొదటి మంచు పెళ్ళయిన తొమ్మిదో నాడే పడింది. బ్యూక్‌ను లోపల పెట్టి తలుపు దించేసరికి, కొరీన్‌కి వెనక మాటలు వినబడ్డాయి. వాకిట్లో గ్రేడీ ఓల్డ్స్‌మొబైల్‌కి కప్పబోయే టార్పాలిన్ పట్టా కొస ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దాని బానెట్ నిమురుతున్నాడు.

"ఒక్క చలికాలమే తల్లీ. ఓర్చుకో," అంటున్నాడు దానితో.

"దానికి అబద్ధాలు చెప్పకు," అంది కొరీన్, పట్టా రెండో కొస అందుకోబోతూ.

ఆ మాటకి అతను నవ్వి తన కొస వదిలాడు. ఆ క్షణానికే కాచుకున్నట్టు గాలి లేచింది. పట్టా వాళ్ళ నెత్తి మీదుగా ఎగిరి పక్కింటి పెరట్లోకి దూకింది. మంచులో జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ, ఇద్దరూ దాని వెనక పరుగెత్తారు.